చర్చల ఖర్చు ఎవరిది?

(ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పత్తి కొనుగోళ్ల మీద, యూరియా లైన్ల మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు మన మీటింగుల్లో ఎప్పుడూ చివరికి జరిగిపోయే ఒక విషయం తీస్తున్నాం. ప్రభుత్వంతో భూమి మీద, అడవి మీద మాట్లాడడానికి కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు సంగతి. ఆ పైసలు ఎక్కడివి, ఎవరి చేతిలో ఉండాలి, లెక్క ఎవరికి చెప్పాలి?

చర్చలకు వచ్చే ఆఫీసరుకు ఆ రోజు జీతం నడుస్తుంది. జీపు సర్కారుది, డీజిల్ సర్కారుది. పక్కన సర్వేయర్ ఉంటాడు, చేతిలో మ్యాపు ఉంటుంది, కోర్టుకు పోతే గవర్నమెంటు ప్లీడరు ఉంటాడు. ఎదురుగా కూర్చున్న గోండు రైతుకో, కొలాం ఆడమనిషికో ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ సొంతం, జిరాక్సు సొంతం. తెలుగులో రాసిన కాగితాన్ని గోండిలో, కొలామీలో విప్పి చెప్పే మనిషిని వెతుక్కోవాలి. ఇద్దరూ ఒకే బల్లకు చెరో పక్క కూర్చున్నంత మాత్రాన అది సమానమైన చర్చ అయిపోదు.

ఇది ఊరికే చెప్పడం లేదు. 2025 మే నెలాఖరులో ప్రభుత్వం జీవో 49 తెచ్చింది. కవ్వాల్ నుంచి మహారాష్ట్రలోని తాడోబా దాకా పులులు తిరిగే దారి అని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 36ఎ ప్రకారం అట్లా ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలి. గూడేలకు మాత్రం సంగతి జీవో వచ్చాకే తెలిసింది. ఆదివాసీ సంఘాలు కదిలాయి, బంద్ జరిగింది, జూలైలో జీవోను నిలుపుదల చేశారు. నిలుపుదల అంటే రద్దు కాదని మీకు చెప్పనక్కర్లేదు. అది మళ్లీ కదిలిందంటే సంప్రదింపులు జరపాల్సిందే. ఆ రోజు గూడెం తరఫున ఎవరు మాట్లాడతారు, ఏ మ్యాపు పట్టుకుని మాట్లాడతారు, ఆ మ్యాపు గీయించడానికి డబ్బు ఎవరు పెడతారు? ఇవి ఇప్పుడే తేల్చుకోవాల్సిన ప్రశ్నలు.

కొంచెం లెక్క వేద్దాం. అటవీ హక్కుల కమిటీలో పదిమందికి తక్కువ కాకుండా, పదిహేను మందికి మించకుండా సభ్యులు ఉంటారు. మూడింట రెండు వంతులు ఎస్టీలు, మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని 2012లో సవరించిన నిబంధన. 2025-26లో ఉపాధి హామీ కూలి మన దగ్గర 307 రూపాయలు ఉండేది. పదిహేను మంది ఒక్క రోజు మొకా మీదికి పోయి హద్దులు చూస్తే 4,605 రూపాయల కూలి పోయినట్టు. సామూహిక హక్కు కోసం ఊరి అడవి మొత్తం హద్దులు తిరగాలంటే, పక్క ఊళ్లతో కూర్చుని తేల్చుకోవాలంటే పది రోజులు ఎక్కువేం కాదు. అంటే 46,050 రూపాయలు. ఇందులో ఛాయ్ ఖర్చు కూడా కలపలేదు. ఉట్నూరు ఐటీడీఏకు తిరిగిన చార్జీలు, హైదరాబాద్ హైకోర్టు దాకా పోతే వకీలు ఫీజు వేరే. ఒక చిన్న గూడెం మోయాల్సిన ఖర్చు ఇది. ఈ ఖర్చు మోయలేకనే చాలా ఊళ్లలో విడి విడి పట్టాల దరఖాస్తులతో ఆగిపోయారు, సామూహిక హక్కు అడగనే లేదు.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా కలిపి నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇచ్చామని చెప్పారు. వచ్చినవాళ్లకు వచ్చింది, సంతోషం. కానీ అంతకుముందు దరఖాస్తులు తీసుకున్న రోజుల్లో ఊళ్లలో ఏం జరిగిందో ఇక్కడున్న చాలామందికి తెలుసు. ఎకరానికి ఇంత ఇస్తే పట్టా ఇప్పిస్తామని తిరిగినవాళ్లు తిరిగారు. చట్టంలో దరఖాస్తు ఫారం ఉచితం. అటవీ మ్యాపు, రెవెన్యూ మ్యాపు, ఓటర్ల జాబితా గ్రామసభకు ఇవ్వడం సబ్ డివిజన్ కమిటీ పని. ముసలివాళ్ల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. దరఖాస్తు తిప్పికొడితే కారణం రాసి చేతికివ్వాలి, 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. ఉచితంగా రావాల్సినవి చేతికి రానప్పుడే దళారి పుడతాడు. చర్చల ఖర్చుకు పద్ధతైన ఏర్పాటు లేకపోతే ఆ ఖర్చు లంచమై మన మీదే పడుతుంది.

ఇతర దేశాల్లో దీన్ని ఎట్లా చూశారు? కెనడా పడమటి తీరంలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి మూలవాసులతో ఎక్కువ ప్రాంతంలో భూమి గురించి ఒప్పందాలే జరగలేదు. 1992లో ఒక ఒప్పందాల కమిషన్ పెట్టి చర్చలు మొదలుపెట్టారు. మూలవాసులకు వకీళ్లు కావాలి, సర్వేలు కావాలి, పెద్దమనుషులు రాజధానికి పోయి రావాలి. ఆ ఖర్చు కోసం ప్రభుత్వం డబ్బిచ్చింది. కానీ ప్రతి వంద డాలర్లలో ఎనభై అప్పు, ఇరవై మాత్రమే గ్రాంటు. చర్చలు ఏళ్లకేళ్లు సాగాయి. అప్పు 50 కోట్ల డాలర్లు దాటింది. రేపు ఒప్పందం కుదిరితే వచ్చే పరిహారంలోంచే ఆ అప్పు కట్టాలి. మరి ఒప్పందం నచ్చక లేచిపోదామంటే? అప్పు మెడ మీద కూర్చుంది. మన భూమి మనకివ్వమని అడగడానికి, దాన్ని పట్టుకున్నవాడి దగ్గరే అప్పు తెచ్చుకోవడం! మన షావుకారు లెక్కే. విత్తనం ఆయనే ఇస్తాడు, పత్తి ఆయనే కొంటాడు, ధర కూడా ఆయనే చెప్తాడు.

అక్కడివాళ్లు పాతికేళ్లు కొట్లాడారు. 2018 నుంచి అప్పు పద్ధతి ఆపి గ్రాంటు ఇస్తున్నారు. 2019 బడ్జెట్‌లో పాత అప్పులు మాఫీ చేసి, అప్పటికే కట్టినవాళ్లకు తిరిగి ఇస్తామన్నారు. దేశం మొత్తానికి దానికోసం 140 కోట్ల డాలర్లు చూపించారు. చర్చల ఖర్చు ఇచ్చే డబ్బు అప్పుగా ఉండకూడదని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

మన దగ్గర ఒప్పందం అనే మాట లేదు. ఐదో షెడ్యూలు, 1/70, పెసా, అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. పేరు ఏదైనా, రాజ్యానికీ ఆదివాసులకూ మధ్య భూమి మీద రాసుకున్న మాటలే అవి. వాటి వెనక జోడేఘాట్ ఉంది. 1940లో కుమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపించింది. ఆయన నివేదికలు రాశాడు, మార్లవాయిలో గోండి టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు, వేల కుటుంబాలకు పట్టాలు ఇప్పించాడు. నాగోబా జాతరలో దర్బారు కూడా ఆ కాలంలో మొదలైందే. మంచి పనులే. కానీ ఒకటి చూడండి. గోండుల తరఫున మాట్లాడిన ఆ మనిషి సర్కారు జీతగాడు. 1940ల చివర ఆయన వెళ్లిపోయాక ఆ కుర్చీలోంచి అంత గట్టిగా గోండుల మాట చెప్పేవాళ్లు రాలేదు. 1970లలో ఆయనే తిరిగొచ్చి చూస్తే, తాను పట్టాలిప్పించిన భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోతున్నాయి. ఆ గోడు ఆయన తర్వాతి పుస్తకం నిండా ఉంది. మన తరఫున మాట్లాడేవాడి జీతం అవతలివాడి చేతిలో ఉంటే ఎంత మంచివాడైనా ఆ అండ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. ఇక 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతు కూలీ సంఘం భూమి కోసం సభ పెట్టుకుంటే ఏమైందో, ఆ స్తూపం దగ్గర ప్రతి ఏడాదీ నిలబడేవాళ్లకు మేం చెప్పేదేముంది.

ప్రభుత్వ డబ్బు అసలే వద్దనడం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 చర్చల తర్వాత కోనేరు రంగారావు భూ కమిటీ వేశారు. దాదాపు అదే కాలంలో ఇందిర క్రాంతి పథం కింద మండలాల్లో పారాలీగల్ కార్యకర్తలను, కమ్యూనిటీ సర్వేయర్లను పెట్టారు. ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి, పేదల భూమి ఫైళ్లు వెతికించడం, తహసీల్దార్ దగ్గర అర్జీ నడిపించడం వాళ్ల పని. ప్రజల సొమ్ముతో పేదల పక్షాన ఒక మనిషిని నిలబెట్టడం అంటే అది. గొలుసు పట్టి కొలవడం వచ్చిన పిల్లవాడు ఊళ్లో ఒక్కడుంటే సర్వేయర్ మాట్లాడే తీరే మారుతుంది. తర్వాత ఆ ఏర్పాటు పలచబడిపోయింది. దాన్ని తిరిగి తెమ్మని అడగడం మన మొదటి డిమాండ్లలో ఉండాలి.

ఇక్కడ కరీంనగర్ మిత్రులకు ఒక మాట. ఆదిలాబాద్ ఆదివాసుల చర్చల ఖర్చుకు మా చందా ఎందుకని కొన్ని కమిటీల్లో అడిగారు. ధర్మమైన ప్రశ్నే. శ్రీపాద ఎల్లంపల్లి కట్టినప్పుడు గోదావరికి ఇటు కరీంనగర్ ఊళ్లూ మునిగాయి, అటు ఆదిలాబాద్ ఊళ్లూ మునిగాయి. మిడ్ మానేరు నిర్వాసితులు ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారో సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చినవాళ్లు చెప్తారు. 2015లో జీవో 123 వచ్చింది. 2013 భూసేకరణ చట్టం పక్కన పెట్టి, రైతుతో నేరుగా మాట్లాడి భూమి కొంటామన్నారు. మాట్లాడడం అంటే ఏంటి? ఒకవైపు జిల్లా యంత్రాంగం, ఇంకోవైపు రెండెకరాల రైతు. వకీలు లేడు, పక్క ఊరికి ఎంత ఇచ్చారో కాగితం లేదు. భూమి లేని కూలీలు అసలు లెక్కలోనే లేరు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారంటే, కోర్టుకు పోయినవాళ్లలో కూలీలు ఉండబట్టే. వాళ్లు కోర్టు దాకా పోగలగాలంటే వెనక ఎవరో నిలబడాలి కదా.

ఆ 2013 చట్టంలోనే ఒక తమాషా ఉంది, గమనించండి. భూసేకరణ ఖర్చు అంటే ఏమేం కలుస్తాయో నిర్వచనం ఇచ్చారు. పరిహారం కలుస్తుంది, పునరావాసం కలుస్తుంది, సామాజిక ప్రభావ అధ్యయనం ఖర్చు కలుస్తుంది, ఆఫీసు పరిపాలనా ఖర్చులూ కలుస్తాయి. రైతులు వకీలును పెట్టుకున్న ఖర్చు, సర్వేయర్‌ను తెచ్చుకున్న ఖర్చు, గ్రామసభలకు పోయిన కూలి మాత్రం ఎక్కడా లేవు. సింగరేణి గనుల మీద జిల్లా ఖనిజ నిధి వస్తుంది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం. అందులో 5 శాతం దాకా పరిపాలనా ఖర్చులకు వాడుకోవచ్చని మార్గదర్శకాలు. ఆఫీసులు నడవడానికి వాటా ఉంది, గ్రామసభ నడవడానికి లేదు. కాంపా నిధి కింద 2019లో తెలంగాణకు దాదాపు 3,110 కోట్లు బదిలీ చేశారు. అడవి పోయినందుకు వచ్చిన డబ్బు అది. ఆ అడవిలో ఉన్నవాళ్ల హద్దుల రాళ్లకు అందులోంచి ఎంత వచ్చిందో మీ ఊళ్లో అడిగి చూడండి. 2024 అక్టోబర్‌లో మొదలైన ధర్తీ ఆబా అభియాన్‌లో అటవీ హక్కుల సెల్‌లు పెడుతున్నారు. వాటికీ డబ్బుంది. అయితే ఆ సెల్ కూర్చునేది ఆఫీసులో. చట్టం అధికారం ఇచ్చింది గ్రామసభకు. సెల్‌లో కూర్చున్న ఆపరేటర్ దరఖాస్తు బాగుంది, బాగోలేదు అని తేల్చడం మొదలుపెడితే గ్రామసభ సంతకం కోసం మాత్రమే మిగులుతుంది.

కాబట్టి సంఘం ప్రభుత్వం ముందు పెడుతున్నది ఇది. ఖనిజ నిధి నుంచి, కాంపా నుంచి, భూసేకరణ పరిపాలనా ఖర్చుల నుంచి ఒక వాటా నేరుగా గ్రామసభ ఖాతాకు రావాలి. అది గ్రాంటు కావాలి. పరిహారంలోంచి కోసుకునేది కాకూడదు. చర్చలు ఏ వైపు తేలినా, ఊరు వద్దని చెప్పినా సరే, ఆ డబ్బు వెనక్కి అడగకూడదు. వద్దనే హక్కు లేని చర్చకు పోవడం దండగ.

ఇంకో దారి కూడా ఉంది, దానికి ఖర్చే తక్కువ. ఒడిశా నియమగిరి కొండల మీద బాక్సైట్ గని గురించి 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. పన్నెండు ఊళ్లలో సభలు ఊళ్లోనే జరిగాయి, జడ్జి అక్కడికే పోయి కూర్చున్నాడు. పన్నెండూ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందులు కొండ దిగి ఆఫీసుకు పోలేదు. చర్చ గూడెంలో జరిగితే తిరుగుడు ఖర్చు అవతలివాడిది అవుతుంది, పెద్దమనుషులూ ఆడవాళ్లూ అందరూ వింటారు, ఇద్దరు ముగ్గుర్ని పక్కకు పిలిచి మాట్లాడడం కుదరదు. జీవో 49 మీద ఎవరు సంప్రదింపులకు వచ్చినా మొదటి షరతు ఇదే కావాలి: ఊళ్లో కూర్చోండి, మా భాషలో చెప్పండి, కాగితాలు నెల ముందు ఇవ్వండి.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఊరికే ఉండలేం. మన చేతిలో ఉన్నవి వాడుకుందాం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు, ఎస్సీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. అది కోర్టులకే కాదు, ఇతర అధికారుల ముందు నడిచే కేసులకూ వర్తిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక తెల్లకాగితం మీద అర్జీ చాలు. మన కార్యకర్తల్లో ఎంతమంది అట్లా ఒక వకీలును తెచ్చుకున్నారో చేతులెత్తమంటే ఇవాళ కూడా నాలుగైదు చేతులే లేస్తాయేమో.

సొంత నిధి మాట. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ మెండా-లేఖా అనే గోండు ఊరు 2009లో పద్దెనిమిది వందల హెక్టార్ల మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో వెదురు అమ్ముకునే పర్మిట్లు గ్రామసభ చేతికొచ్చాయి. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఆ ఊళ్లో గ్రామ నిధి ఉంది, చదువుకుని చర్చించుకునే బృందం ఉంది. నిధి, చదువు ముందు వచ్చాయి, హక్కు తర్వాత వచ్చింది. మన దగ్గర తక్కువా? కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు సొంత చందాలతో నాగోబాకు రాతి గుడి కట్టుకున్నారు. చందా ఎత్తడం, పెద్దల ముందు లెక్క చెప్పడం ఆదివాసులకు మనం నేర్పాల్సిన పనేం కాదు. రాయి సెంటర్లలో పెద్దలు కూర్చుని ఊరి తగాదాలు తేలుస్తూనే ఉన్నారు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవచ్చు.

సంఘం పెట్టదలచుకున్న చర్చల నిధికి పత్తి క్వింటాలుకు, వడ్లు క్వింటాలుకు రెండు రూపాయల చొప్పున సభ్యులు ఇవ్వాలని ప్రతిపాదన. ఇచ్చినదానికి రసీదు. ఖాతా మీద మూడు సంతకాలు ఉండాలి, అందులో ఒకటి ఆడమనిషిది. ఏ గూడెం కోసం ఖర్చు పెడితే ఆ గూడెం గ్రామసభలోనే లెక్క చదవాలి, గోండిలో, కొలామీలో, లంబాడీలో, ఎవరి భాషలో వాళ్లకు. కూలి పోయినవాళ్లకు ఉపాధి హామీ రేటు ఇవ్వాలి. నాయకుల కార్లకు, శాలువాలకు, ఫ్లెక్సీలకు ఒక్క పైసా వద్దు. ఫ్లెక్సీల మాట ఎందుకన్నామో ఇక్కడ నవ్వుతున్నవాళ్లకు తెలుసు.

తీసుకోకూడని డబ్బు కూడా రాసుకుందాం. భూమి కొనబోయే కంపెనీది వద్దు, కాంట్రాక్టరుది వద్దు, ఎన్నికల ముందు వచ్చే పార్టీ డబ్బు వద్దు. విదేశీ నిధులు మనలాంటి సంఘం ముట్టుకోవడానికే లేదు. ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకుంటే కేసు అవుతుంది. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఎవరైనా స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చి మ్యాపులు గీసి ఇస్తామంటే సరే అనండి, మ్యాపు మీద పేరు మాత్రం గ్రామసభదే ఉండాలి.

ఇందులో తేలని విషయం ఒకటుంది, దాచుకోవడం ఎందుకు. మూడు తరాల సాక్ష్యం చూపలేక పట్టా రాని గిరిజనేతర పోడు రైతులు మన సంఘంలో ఉన్నారు. 1/70 ప్రాంతంలో భూమి కొన్నవాళ్లూ ఉన్నారు. ఆదివాసీ గూడెం చర్చల ఖర్చు సంఘం పెడితే, ఆ చర్చలో వాళ్లకు ఎదురు నిలబడాల్సి రావచ్చు. రాష్ట్ర కమిటీలో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ మాటే ముందు అన్నది ఇప్పటికి ఎక్కువమంది మాట. మీరు మండల కమిటీల్లో చర్చించి రాసి పంపండి. వచ్చే నెల పదో తారీఖు లోపల అందినవి పత్రికలో వేస్తాం, ఒప్పుకోనివి కూడా.

రసీదు పుస్తకాలు, 60 రోజుల అప్పీలు నమూనా, న్యాయ సహాయం అర్జీ నమూనా బయట బల్ల మీద ఉన్నాయి. భోజనానికి పోయేముందు మండలానికి ఒక కట్ట తీసుకుని, ఎవరు తీసుకున్నారో పేరు రాసి సంతకం పెట్టి పోండి.